ప్రవాహమా? పట్టికయా?

దహ్రాన్ గుట్టలలోని ఏడవ నంబరు బావి 1938లో వర్తకమునకు చాలినంత చమురు నీయ నారంభించిన కాలమున, ఆ చమురును పడవల కెక్కించి బహ్రెయిన్‌కు పంపిన రేవు అల్ ఖోబర్. 1986లో 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ వారధి తెరచినది మొదలు, అదే బహ్రెయిన్‌కు కారులో పోవువారికి ద్వారమైన పట్టణమును అదియే. చమురు కర్మాగారములకును, సముద్రజలమును మంచినీరుగా మార్చు కర్మాగారములకును వలయు కొలతపరికరములను, వానిని కనిపెట్టియుండు కంప్యూటరు తెరలను సమకూర్చు కాంట్రాక్టు కార్యాలయములు ఈ ప్రాంతమున అనేకము గలవు. వానిలో పనిచేయు తెలుగువారును గలరు. అట్టివారిలో ఇరువురిని, ఇన్‌స్ట్రుమెంటు ఇంజనీరుగా తల నెరసిన యొక గోదావరి మామను, హైదరాబాదునుండి వచ్చి జావాస్క్రిప్టు వ్రాయు నతని మేనల్లుని, ఈ సంవాదమునకు పాత్రలుగా గైకొంటిని. వివాదాంశ మిది: పంపుల పీడనమును, వాల్వుల స్థితిని, అలారములను బ్రౌజరులో చూపు తెర యొకటి తయారగుచున్నది. దానికొఱకు ఈవెంటు స్ట్రీములను నడపు చిన్న లైబ్రరీ నొకదానిని వాడుదమని అల్లుడు కోరుచున్నాడు. అనుమతిపత్రముపై సంతకము చేయవలసినవాడు మామ. శుక్రవారము, సెలవుదినము, భోజనములైనవి, ఎవరికిని తొందర లేదు.

మామ — నీ కాగితము చదివితిని, అల్లుడూ. పంపునుండి వచ్చు ప్రతి కొలతయు ఒక స్ట్రీము, మీట నొక్కుట ఒక స్ట్రీము, గడువు తీరుట మఱియొక స్ట్రీము అని వ్రాసినావు. నే నెఱిగిన పద్ధతి వేఱు. కర్మాగారపు యంత్రములను నడపు నియంత్రకమగు పీఎల్‌సీ యనునది ముందుగా లోనికి వచ్చు సంకేతముల నన్నిటిని ఒక్కమాఱుగా చదువుకొనును. పిమ్మట తర్కమును మొదటినుండి తుదివఱకు నడపును. అటుపిమ్మట ఫలితముల నన్నిటిని ఒక్కమాఱుగా వెలికి పంపి, మరల మొదటికి వచ్చును. ఈ చుట్టునే మేము స్కాను అందుము. ఏ చుట్టు చివర చూచినను స్థితిపట్టిక సంపూర్ణముగా నుండును. అట్టి పట్టికను విడిచి, ఎవ రెప్పుడు పిలుతురో తెలియని ప్రవాహములను నమ్ముకొన నేల?

అల్లుడు — పీఎల్‌సీకి అదే తగును, మామయ్యా. తిరుగుటయే దాని వృత్తి. బ్రౌజరులో ప్రోగ్రాము తనంత తాను తిరుగుచుండదు. మీట నొక్కినప్పుడు, సర్వరునుండి వార్త వచ్చినప్పుడు, టైమరు ముగిసినప్పుడు పిలువబడును. ఆ పిలుపున కొక్కొక్క కాల్‌బ్యాక్ వ్రాయుట మా పాత పద్ధతి. ఆపరేటరు వెదకు పెట్టెలో పంపు పేరు టైపు చేయునప్పుడు, అతడు చేయి నిలిపిన పిమ్మటనే సర్వరు నడుగవలెను; పాత ప్రశ్నకు జవాబు ఆలస్యముగా వచ్చి క్రొత్త జవాబును తుడిచివేయరాదు; నడుమ నెట్‌వర్కు తెగినచో మరల ప్రయత్నింపవలెను. వీనికై టైమరు నంబరు నొకచోట, వరుససంఖ్య నొకచోట, తెగినదా లేదా యను గుర్తు నొకచోట దాచి, నాలుగైదు కాల్‌బ్యాకులు వానిని దిద్దునట్లు వ్రాసితిమి. ఏది యెప్పుడు దిద్దెనో వ్రాసినవాడు సైతము చెప్పలేకున్నాడు. స్ట్రీముగా వ్రాసినచో ఇదంతయు మూడు పంక్తులు: ఇంతసేపు నిశ్శబ్దముగా నున్నపిమ్మట విడువుము, కడపటి ప్రశ్న జవాబునే ఉంచుము, విఫలమైనచో మరల యత్నింపుము.

మామ — మూడు పంక్తులలో వ్రాయబడినది మూడు పంక్తులలోనే జరుగునని తలపకుము. నీవు తీసివేసిన టైమరులును గుర్తులును నశింపలేదు. ఆ లైబ్రరీ గర్భములోనికి పోయి కూర్చున్నవి. నీకు కనబడని చోట నున్నవి గనుకనే నాకు వానిపై అనుమానము. ఈ విద్య ఏనాటిది? దీనిని పరీక్షించినవా రెవరు?

అల్లుడు — దీని బీజము మీ బల్లపైననే యున్నది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌లు విసికాల్క్ అను లెక్కలపట్టికను వెలువరించిరి. ఒక గడిలోని అంకె మార్చినచో దానిపై నాధారపడిన గడులన్నియు తామే మాఱుట లోకము చూచినది. 1997లో కోనల్ ఎలియట్, పాల్ హుడాక్ అను పండితులు ఫ్రాన్ అను పేరిట కాలముతో మాఱు విలువలకు గణితమర్యాదతో నొక భాషను కల్పించిరి. తరువాత మైక్రోసాఫ్టులో ఎరిక్ మైయర్ బృందము 2009లో స్ట్రీముల లైబ్రరీ యైన ఆర్‌ఎక్స్‌ను వెలికి తెచ్చెను. నెట్‌ఫ్లిక్స్‌వారు 2013లో దానిని జావాకు దెచ్చిరి. మైయర్ చూపిన సూక్ష్మము చాల సరళము: జాబితా మన మడిగి తెచ్చుకొనునది, స్ట్రీము అడుగకయే మనకడకు వచ్చునది, దిశ మాఱినదే కాని, ప్రతిదానిని మార్చు మ్యాప్, వలసినవానిని ఏఱు ఫిల్టర్, మునుపటి ఫలితముపై క్రొత్తదానిని చేర్చు స్కాన్ రెండింటికిని సమానమే.

మామ — అంతటి వంశమున్నప్పుడు ఆ పెద్ద ఆర్‌ఎక్స్‌నే వాడరాదా? చిన్నదాని నేల ఎంచుకొంటివి?

అల్లుడు — పెద్దదానిలో ఆపరేటర్లు నూఱు దాటును. మా జట్టులోని నలుగురు నాలుగు విధముల వ్రాయుదురు. పైగా అందలి స్ట్రీము సాధారణముగా వినువాడు చేరినప్పుడే పని మొదలుపెట్టును. ఇద్దఱు చేరినచో ఆ పని రెండుమాఱులు జరుగును. తెరపై రెండు చోట్ల ఒకే పంపు కనబడినంతమాత్రాన సర్వరునకు రెండు విన్నపములు పోవుట మా కనుభవమే. ఆండ్రే స్టాల్జ్ ప్రభృతులు 2016లో వెలువరించిన ఎక్స్‌స్ట్రీమ్ ఆపరేటర్లును స్ట్రీమును పుట్టించు ఫంక్షనులును కలిసి 26 ముఖ్యాంశములతో, నాలుగు రకముల వస్తువులతో, సుమారు 30 కిలోబైట్లలో ముగిసినది. అందఱు వినువారికిని ఒకే ప్రవాహమును పంచుట దాని నియమము. ఫిన్లాండునందు పుట్టిన బేకన్, దాని బాటలో నడచిన కెఫిర్, మిక్కిలి కుఱుచయైన ఫ్లిడ్ మొదలగునవియు నీ కుటుంబములోనివే. ఏది యెంచుకొనవలెనో మీతో ఆలోచించిన పిమ్మటనే నిర్ణయింతును.

మామ — అట్లైన నా ప్రశ్నలకు సమాధానము చెప్పుము. మొదటిది: పీడనము సర్వకాలములయందు నుండునది, ఏ క్షణమున నడిగినను దానికొక విలువ యుండును. మీట నొక్కుట అట్టిది కాదు. అది జరిగినది, పోయినది. ఈ రెంటిని స్ట్రీమను ఒకే సంచిలో వేసినచో, ఆలస్యముగా తెర తెరచిన ఆపరేటరు గతి యేమి? పీడనము గంటసేపు కదలక నిలిచినచో, క్రొత్త వార్త రాదు గనుక అతనికి గంటసేపు ఖాళీగడియే కనబడునా?

అల్లుడు — ఆ భేదమును ఫ్రాన్ కర్తలే తొలుత చూపిరి. నిరంతరము నుండుదానికొక పేరు, క్షణములో జరుగుదానికొక పేరు పెట్టిరి. బేకన్, కెఫిర్‌లు ప్రాపర్టీ యని ఈవెంటు స్ట్రీమని ఆ భేదమును నిలిపినవి. ఎక్స్‌స్ట్రీమ్‌లో కడపటి విలువను జ్ఞాపకముంచుకొను మెమరీ స్ట్రీము ప్రత్యేకముగా గలదు. ఫ్లిడ్‌లో ప్రతి స్ట్రీమును తన కడపటి విలువను పట్టుకొనియే యుండును.

మామ — మంచిది. అనగా మంచి లైబ్రరీ లన్నియు చాటున నా పట్టికనే దాచుకొన్నవి. రెండవ ప్రశ్న ఇంతకంటె కఠినము. ఒక సెన్సారు విలువనుండి రెండు లెక్కలు కట్టుచున్నా మనుకొనుము: ఒకటి ఆ విలువకు పదిరెట్లు, రెండవది పదిరెట్లకు ఒకటి యెక్కువ. రెండవదానినుండి మొదటిదానిని తీసివేసినచో ఎల్లప్పుడు ఒకటియే రావలెను. సెన్సారు 5 నుండి 6కు మాఱినది. మొదటిలెక్క ముందుగా 60 ఐనది. రెండవది యింకను 51 గానే యున్నది. ఆ నిమేషమున భేద మెంత?

అల్లుడు — మైనస్ 9.

మామ — మఱునిమేషమున రెండవది 61 ఐ, భేదము మరల 1 అగును. ఐనను ఆ నడుమ, ప్రపంచమున నెన్నడు లేని మైనస్ 9 తెరపై మెఱసినది. దానిపై అలారము కట్టియున్నచో మ్రోగును. పంపులో లోపము లేదు, సెన్సారులో లోపము లేదు. నా స్కానులో నిట్టిది సంభవింపదు, ఏలయన సంకేతములు ఒక్కమాఱు చదువబడి, తర్కము ముగియువఱకు ఏ ఫలితమును వెలికి పోదు. ఫ్రాన్సు దేశమున 1980ల దశకములో పుట్టిన లస్టర్, ఎస్టరెల్ భాషలు ఈ నియమమునకే శాస్త్రరూపము నిచ్చినవి. లస్టర్ వంశములోని స్కేడ్ ఎయిర్‌బస్ విమానముల నియంత్రణమునకు సైతము పనికివచ్చినది. మీవా రా పాఠమును చదువలేదా?

అల్లుడు — చదివినవారును గలరు, చదివియు విడిచినవారును గలరు. మీరు చెప్పిన దోషమును మాలో గ్లిచ్ అందుము. ఆర్‌ఎక్స్‌లో రెండు స్ట్రీముల కడపటి విలువలను కలుపు ఆపరేటరునందు అది నేటికిని సంభవించును. వారు దానిని ఎఱిగియే వదలిరి. ఫ్లిడ్ మాత్రము ఒక మార్పునకు లోనగు స్ట్రీములను ఆధారక్రమములో పేర్చి, మూలము లన్నియు కుదుటపడిన పిమ్మటనే ఫలితమును ఒక్కమాఱు లెక్కించును. మైనస్ 9 అందు పుట్టదు. అనగా మీ స్కానును ఒక్కొక్క మార్పునకు కుదించి వాడుకొనుచున్నదన్నమాట.

మామ — ఈ జవాబు నాకు నచ్చినది. మూడవది: సెన్సారు చెడిపోయినప్పుడు ఏమగును? తీగ తెగిన ట్రాన్స్‌మిటరు తప్పు విలువ పంపును. బాగుచేయగానే మరల సరియైన విలువ పంపును. నీ స్ట్రీము తప్పును చూడగానే ప్రాణము విడుచునని వింటిని.

అల్లుడు — ఆర్‌ఎక్స్ ఒడంబడిక యట్టిదే: విలువలు ఎన్నియైన రావచ్చును, పిమ్మట తప్పుగాని ముగింపుగాని ఒకటి వచ్చును, అటుపిమ్మట మౌనము. ఒక ఫైలు చదువుటకు అది సరిపోవును. బేకన్, కెఫిర్‌లలో తప్పు వచ్చినను స్ట్రీము సాగుచునే యుండును. ఐనను మన పనికి నేను మఱియొక మార్గ మెంచుకొంటిని: విలువతోపాటు దాని నాణ్యతను గూడ ఒకే పొట్లముగా పంపుట. కర్మాగార పరికరములు కొలతలను పంచుకొను మీ ఓపీసీ ప్రమాణములో ‘మంచిది’, ‘చెడ్డది’, ‘సందేహము’ అని ప్రతి కొలతకును గుర్తు లేదా? అదే గుర్తును స్ట్రీములోనికి దెత్తును. సెన్సారు చెడినది యనుట కూడ ఒక వార్తయే. ప్రోగ్రాము కూలుట వేఱు.

మామ — సరి. ఇక నాలుగవది, నా ప్రధానాక్షేపము. వార్తలు వచ్చు వేగము ఎక్కువ, తెర గీయు వేగము తక్కువ. నడుమ మిగిలినవి ఎచ్చట నిలుచును? గోదావరి కాలువక్రింద పెరిగినవాడను. పొలము నిండినప్పుడు తూము మూయవచ్చును గాని వాన నాపలేము. నీవు మూయునది తూమా, వానయా?

అల్లుడు — రెండును గలవు, మామయ్యా, రెంటికిని మందు వేఱు. ఫైలు, డేటాబేసు వంటివి మూయదగిన తూములు. వానికొఱకే పలు సంస్థలవారు కూడి రియాక్టివ్ స్ట్రీమ్స్ అను ఒడంబడికను 2015లో స్థిరపఱచిరి. వినువాడు ‘ఇన్ని పంపుము’ అని అడిగినదాకా పంపువాడు ఆగును. 2017 నాటి జావా 9లో అది భాషతోపాటు వచ్చు లైబ్రరీలోనే చేరినది. కాని పంపు పీడనము వానవంటిది. మన మాగుమన్నను అది ఆగదు. అట్టిచోట ఏది వదలవలెనో ముందుగా నిశ్చయించుటయే మందు. ఇది మీకు క్రొత్త గాదు. ఓపీసీ యూఏలో సబ్‌స్క్రిప్షన్ పెట్టునప్పుడు ఎంతకాలమున కొకమాఱు కొలవవలెనో, క్యూ యెంత పొడవుండవలెనో, నిండినప్పుడు పాతదానిని పాఱవేయవలెనో క్రొత్తదానినో, ఎంత తేడా వచ్చినగాని వార్త పంపరాదో, ఇన్నియు మీరే నింపుదురు. మేము శాంపిల్, బఫర్, డీబౌన్స్ అనుచున్నవాని నన్నిటిని మీరు చిరకాలముగా వాడుచున్నారు. మీ రెన్నడు స్ట్రీములను ద్వేషింపలేదు. వానిని ప్రోగ్రామర్ల చేతిలో బెట్టుటకే భయపడుచున్నారు.

మామ — భయమునకు కారణ మున్నది. 1994 జూలై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్‌లో టెక్సకో రిఫైనరీ పేలినది. ప్రేలుటకు ముందు కడపటి 11 నిమిషములలో కంట్రోల్ రూములోని ఇద్దఱు ఆపరేటర్ల ముందు 275 అలారములు మ్రోగినవి. అనగా ఒక్కొక్కదానికి మూడు సెకనులు సైతము లేవు. చదువుట, గ్రహించుట, చేయవలసినది చేయుట మానవునికి సాధ్యమా? ఏ అలారమును అబద్ధము గాకపోవచ్చును. అన్నియు కలసి వచ్చుటచే అన్నియు వ్యర్థమైనవి. అటుపిమ్మట 1999లో ఈమువా అను సంస్థ తన 191వ మార్గదర్శకమును ప్రకటించి, కర్మాగారము నిలకడగా నడచునప్పుడు ఒక్కొక్క ఆపరేటరునకు పది నిమిషముల కొక అలారము మించకుండుట మేలని నిర్దేశించెను. ఇప్పుడు ఆలోచింపుము: నీ చిన్న లైబ్రరీలో రెండు స్ట్రీములను కలుపుట ఒక్క పదము. అంత సులభమగుటచేతనే ఎవడో ఒకడు అన్నిటిని కలిపి ఆపరేటరు ముఖమున పోయును.

అల్లుడు — కలుపుట ఎంత సులభమో, వడకట్టుటయు అంతే సులభము. అలారపు గీటుచుట్టు వణకు సంకేతమునకు చిన్న తేడాను లెక్కింపని డెడ్‌బ్యాండు స్కాన్‌తో ఒక పంక్తి. పది సెకనులు నిలిచినగాని అలారము గాదనుట ఒక పంక్తి. ఒకే మూలమునుండి పుట్టిన యిరువది అలారములను ఒక్క పేరు క్రింద చేర్చుట మఱియొకటి. కాల్‌బ్యాకులలో నీ నియమములు పది ఫైళ్ళలో చెదరియుండును; స్ట్రీములో ఒకచోట వరుసగా నిలిచి, మీవంటి ప్రోగ్రామరు గాని ఇంజనీరు చదివి తప్పు పట్టుటకు వీలగును. మిల్‌ఫర్డ్ హేవెన్ నా పక్షమునకును సాక్షియే.

మామ — ఒక హద్దు మాత్రము నేను దాటనీయను. తెరపై పీడనము చూపునప్పుడు నడుమ విలువలు పోయినను కడపటిది చాలును. అలారము విషయమున ఒక్కటియు పోరాదు. ఈ రెండు స్ట్రీములును ఒకే క్యూలో నిలువరాదు. ఇక పంపును ఆపు రక్షణతర్కము బ్రౌజరు దరి చేరరాదు. అది వేఱుగా, తన ప్రమాణములకు లోబడి, తన యంత్రములోనే యుండవలెను.

అల్లుడు — ఒప్పుకొంటిని. అది నేను కోరనులేదు.

మామ — కడపటి మాట. చిన్న లైబ్రరీకి కర్త సామాన్యముగా ఒక్కడు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అను పదునొకండు పంక్తుల ప్యాకేజీని దాని కర్త రిజిస్ట్రీనుండి తీసివేయగా, దానిపై ఆధారపడిన ప్రాజెక్టులు ఖండఖండాంతరములలో బిల్డు గాక నిలిచిపోయినవి. నీ కర్త రేపు వేసరి మానినచో, మన తెర యేమగును? ఈ దేశమున కాంట్రాక్టులు ముగియును, మనుష్యులు ఇండ్లకు మరలుదురు, నీవును మరలుదువు. తెర మాత్ర మచ్చటనే యుండును.

అల్లుడు — చిన్నదగుటయే దానికి సమాధానము, మామయ్యా. నూఱు ఆపరేటర్ల లైబ్రరీని ఎవడును మొదలంట చదువడు. కర్త మాత్రమే దానికి దిక్కు. కుఱుచదానిని వారము దినములలో చదువవచ్చును. దాని మూలమును మన రిపాజిటరీలోనే ఉంచుకొందము. లైసెన్సు అనుమతించునదానినే యెంచుకొందము. మన ప్రోగ్రాము దానిని నేరుగా పిలువక, మనము వ్రాసిన యొక పొరద్వారా పిలుచును. నేను వెడలినను వచ్చినవాడు ఆ పొరను చదివి క్రింది లైబ్రరీని మార్చుకొనగలడు.

మామ — అట్లైన వినుము. ప్రతి స్ట్రీమునకు పైన నాలుగు సంగతులు వ్రాయించెదవు: ఇది నిలిచియుండు విలువయా, జరిగిపోవు ఈవెంటా; నిండినప్పుడు ఏది వదలును; తప్పు వచ్చినచో సాగునా, ఆగునా; దీనిని ఎవరు ఎప్పుడు మూసివేయుదురు. ఈ కడపటిది మఱవకుము. తెర మూసినను సబ్‌స్క్రిప్షన్ మూయనిచో, పదిమాఱులు తెర తెరచిన ఆపరేటరు ఒక్కమాఱు మీట నొక్కగా పది ఆజ్ఞలు పోవును. కాలములన్నియు ప్రపంచ ప్రామాణిక సమయములోనే నిలుపుము. హైదరాబాదు మనకంటె రెండున్నర గంటలు ముందున్నదని లాగ్ చదువువానికి గుర్తుండదు. ఇవి వ్రాసి తెమ్ము, సంతకము చేసెదను.

అల్లుడు — ఆదివారము ఆఫీసు తెరచువేళకు మీ బల్లపై నుంచెదను.

ఇరువురి వాదమును విన్న నా తీర్పు చెప్పెదను. పట్టికకును ప్రవాహమునకును సహజవైరము లేదు. ప్రతి మంచి స్ట్రీమును తనలో నొక చిన్న పట్టికను దాచుకొనియే యున్నది, ప్రతి పట్టికయు మార్పుల ప్రవాహముచేతనే నిండుచున్నది. కావున స్ట్రీములు వలయునా వలదా యను ప్రశ్నలో అల్లునిదే గెలుపు. ఏ నియమములతో వలయునను ప్రశ్నలో మామదే గెలుపు. రెండవ గెలుపు పెద్దది. చదువరులలో ఈ వృత్తివారెవరైన నున్నచో వారికి నా విన్నప మిది: క్రొత్త లైబ్రరీ నెన్నుకొనునప్పుడు అది చేయగలవాని జాబితాను పిమ్మట చూడుడు, గ్లిచ్, తప్పు, క్యూ, ముగింపు అను నాలుగింటిని గూర్చి దాని కర్త యేమి వ్రాసెనో ముందుగా చదువుడు. ఆ నాలుగింటిని గూర్చి యేమియు వ్రాయని లైబ్రరీని, అది యెంత చిన్నదైనను, కర్మాగారపు తెరపై నుంచకుడు.